గాజుతొట్టెలోని పగడపుదోట - పొరుగుచేపల దుండగములు

మానుకోటనుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినారు. మానుకోట యనగా నేటి మహబూబాబాదు. వారి పెద్దకుమార్తె పెండ్లియై అమెరికాలో కాపురమున్నది. ఆమె తన యింటి ముందుగదిలో నాలుగడుగుల గాజుతొట్టెను నిలిపి, అందు సముద్రమువంటి ఉప్పునీటిని నింపి, బ్రదికియున్న పగడములను పెంచుచున్నదట. ప్రతి ఆదివారమును తల్లికి ఫోనులో ఆ తోటను చూపుట వాడుక. మొన్నటివరకు ఆ తోట చూడ ముచ్చటగా నుండెడిది. అందమునకై తెచ్చి విడిచిన యొక పసుపుపచ్చని చేప ఆరు వారములలో పగడపుకొనలనన్నిటిని కొఱికివేసినదట. ఇప్పుడు ఫోనులో కనబడునది తెల్లని యెముకలవంటి కొమ్మలు, వాని నడుమ తృప్తిగా తిరుగాడు చేపయునట. "చేప పగడమును తినునా? రాయిని తిను చేప గూడ నుండునా? మన యిండ్లలో నట్టి తోటను పెంచవచ్చునా?" అని ఆ సోదరి మమ్మడిగినారు.

రెండు మాటలలో జవాబు వ్రాసి పంపిన చాలునని మేము మొదట ననుకొంటిమి. కాని జనగామలోని మా యింటనే యొక గాజుతొట్టె యున్నది. అందును ఇట్టి దుండగమే జరిగినది. అది మంచినీటి తొట్టె. అందు పగడములు లేవు, బంగారుచేపలు మాత్రమే. అయినను పొరుగున చేర్చదగని ప్రాణిని చేర్చిన తప్పు రెండిండ్లను ఒక్కటే. అందుచేత నీ మాసమున నీ విషయమునే కొంత విపులముగ వ్రాయుచున్నాము.

పగడమనగానే మనకు తోచునది పుస్తెలతాటికి గ్రుచ్చుకొను ఎఱ్ఱని పూస. నవరత్నములలో నది యొకటి. కుజునకు ప్రీతియని పెద్దలు ఉంగరమున పెట్టింతురు. ఇంతకాలము కంఠమున ధరించుచున్నను, అది యొక ప్రాణి కట్టుకొన్న యిల్లని యెఱిగినవారు మనలో తక్కువ. మనమాట యేల? ఐరోపా పండితులును చిరకాలము దానిని సముద్రపుమొక్క యనియే తలచిరి. 18వ శతాబ్దమున పేసొనెల్ అను ఫ్రెంచి వైద్యుడు అది మొక్క కాదు, జంతువు అని చెప్పగా ఆనాటి విద్వాంసులు నమ్మలేదు. తుదకు ఆయన చెప్పినదే నిజమని తేలినది.

ఈ ప్రాణిని పాలిప్ అందురు. చిన్నసంచివంటి దేహము, పైన నోరు, నోటిచుట్టును వ్రేళ్లవంటి మీసములు. ఆ మీసములలో కుట్టుకణములుండును. నీటిలో తేలివచ్చు సూక్ష్మప్రాణులను వానితో కుట్టి పట్టుకొని తినును. తన క్రింద సున్నమును ఊరించి గట్టిగిన్నె కట్టుకొని అందు కూర్చుండును. వేలకొలది పాలిపులు ఒకదానినొకటి అంటుకొని కాపురముండగా ఆ సున్నపుగిన్నెలే కొమ్మలై, పళ్లెములై, బండలై పెరుగును. కనుక చేప తినునది రాయిని కాదు, రాతిమీద పలుచగా పరచుకొనియున్న మెత్తని మాంసమును. చిలుకచేప యను జాతి మాత్రము రాతితోగూడ గీఱి తిని, ఆ రాతిని ఇసుకగా విసర్జించును. వెచ్చని సముద్రములలో ననేక ద్వీపముల తెల్లని యిసుక యీ విధముగ పుట్టినదే!

మన పుస్తెలతాటి పగడము వేఱు జాతిది. అది ముఖ్యముగ మధ్యధరాసముద్రపు చీకటి తావులలో మిక్కిలి మెల్లగా పెరుగును. గాజుతొట్టెలలో పెంచునవి వెలుతురును కోరు పగడములు. వీని చర్మములో కంటికి కానరాని నాచు కాపురముండి, వెలుగు తగిలినప్పుడు ఆహారమును సిద్ధపఱచి, అందు హెచ్చుభాగమును యజమానికి పెట్టును. వంటయింటిని వంటవానికే యిచ్చి నిశ్చింతగా నున్న గృహస్థు వంటిది ఈ పగడము. నీరు వేడెక్కినచో నీ నాచు వెడలిపోవును. అప్పుడు పగడము తెల్లబారును. వంటవాడు మరల రాకున్నచో కొన్నివారములలో ఆకలితో చచ్చును.

సముద్రప్రాణులను ఇంటిలో బ్రదికించు విద్యకు మార్గము చూపినవారిలో మొదట చెప్పదగినవారు స్త్రీలని తెలిసినప్పుడు మాకు కలిగిన సంతోషమును దాచుకొనలేము. ఫ్రాన్సు దేశమున 1794లో పుట్టిన జాన్ విలెప్రో-పవర్ అను నామె పారిసులో బట్టలు కుట్టుపనిచేసి, ఒక రాచకన్య పెండ్లిదుస్తులు కుట్టి పేరుపొందినది. వివాహమై సిసిలీ ద్వీపమునకు వెళ్లి, అచ్చట సముద్రప్రాణులను చూచుటలో పడినది. 1832 ప్రాంతమున గాజుతొట్టెలు చేయించి, ఆర్గొనాట్ అను ప్రాణి తన గుల్లను తానే కట్టుకొనునని అందఱకును ఋజువుచేసినది. అంతవరకు పండితులలో పలువురు, ఆ ప్రాణి యెవరిదో గుల్లను దొంగిలించినదని వాదించుచుండిరి.

ఇంగ్లండున అన్నా థిన్ అను దొరసాని 1846లో టోర్కీ సముద్రతీరమునుండి కొన్ని రాతిపగడములను జాడీలో పెట్టుకొని లండనునకు తెచ్చినది. నగరములో క్రొత్త సముద్రజలము దొరకుట కష్టమైనప్పుడు, ఉన్న నీటినే ప్రతిదినము తెఱచిన కిటికీయెదుట ఒక పాత్రనుండి మఱియొక పాత్రలోనికి ఎత్తిపోయించెడిది. మనము పాలు చల్లార్చునట్లు అరగంట, ముప్పావుగంట పోయగా గాలి కలిసి నీరు బాగుపడెడిది. మరుసటి సంవత్సరము సముద్రపునాచును గూడ చేర్చినది. ఆ పగడములు సుమారు మూడేండ్లు బ్రదికి పిల్లలను పెట్టినవి. దొరసాని పేరు గ్రంథములకెక్కినది. ఆ నీటిని నిత్యమును ఎత్తిపోసిన పనికత్తె చేతుల నెవరును తలపరు. మన యిండ్లలోను అంతే గదా! ఈ కాలమున ఆ పని కరెంటు పంపులు చేయుచున్నవి.

ఇక దుండగీండ్ర మాట. మానుకోట సోదరి వర్ణించినదానిని బట్టి ఆ పసుపుచేప సీతాకోకచిలుక చేపలని పిలువబడు వంశములోనిది. వీని మూతి సన్నము. పగడపు గిన్నెలోనికి దూర్చి పాలిపును తీసికొనుటకే పుట్టినట్లుండును. వీనిలో కొన్ని జాతులు పగడము తప్ప మఱేమియు ముట్టవు. ఒక జాతి కొమ్మలపగడముమీదనే బ్రదుకును. ఆ పగడము చచ్చినచో నదియు నుండదు. అట్టి చేపను తోటలో విడుచుట మేకను పూలతోటలో కట్టివేయుట వంటిది. చేప తన ఆహారమును తిన్నది. తప్పంతయు కొన్నవారిది, తెలిసియు అమ్మినవాని యంగడిది.

రాణిచేపలు, ముల్లుచేపలు మొదలైనవానిలో కొన్ని తిండి చాలినంతకాలము బుద్ధిగా నుండి, ఒకనాడు రుచి చూచి మరుగుదురు. చేపలకేగాని మనుష్యులకు ఈ గుణము లేదనలేము. అందఱును ముద్దుచేయు విదూషకచేప, నారింజరంగుమీద తెల్లనిపట్టెలుండునది, తినదు గాని తన సముద్రపుపువ్వు దొరకనప్పుడు పొడుగుమీసముల పగడమునే పరుపుగా చేసికొని అందు దొర్లుచుండును. ఆ రాపిడికి పాలిపులు ముడుచుకొని, నెలలతరబడి విప్పుకొనక క్షీణించును.

చేపలకంటె మోసకారులు చూడక తెచ్చుకొన్నవి. సముద్రపురాతిని తెచ్చి తొట్టెలో పెట్టినప్పుడు దాని సందులలో నెన్నియో ప్రాణులు దాగివచ్చును. ఐప్టేసియా అను గాజువన్నె చిన్నపువ్వు అందు ముఖ్యమైనది. చూచుటకు ముద్దుగానుండును. దానిని గోటితో గిల్లినచో తెగిన ప్రతిముక్కయు నొక క్రొత్తపువ్వగును. పొలములో తుంగను పైపైన పెఱికినవారు ఈ సంగతిని వెంటనే గ్రహింతురు. కొన్నివారములలో నది తొట్టెయంతయు నల్లుకొని పగడములను కుట్టి చంపును. దానిని తిను యొక జాతి రొయ్య కలదు. ఆ రొయ్యను తెచ్చి విడుచుట మేలైన ఉపాయమని అనుభవజ్ఞు లందురు. అయితే ఐప్టేసియాను తినుటకై యొక సీతాకోకచిలుక చేపనే తెచ్చి, పువ్వులు పోయినవి గదా యని సంతసించి, పిదప పగడములును పోవుట చూచి విచారించినవారు కూడ కలరు.

ఈ సందర్భమున ఒక నిరపరాధిని గుఱించి చెప్పవలెను. రాత్రివేళ దీపము వేసి చూచినచో, చచ్చిన పగడముమీద ముండ్లవెండ్రుకలతో కూడిన పురుగులు ప్రాకుచుండును. వెంటనే, ఇవే చంపినవని నింద. నిజమునకు వీనిలో చాలజాతులు చచ్చినదానిని తిని తొట్టెను శుభ్రపఱచునవే. నిజముగ పగడమును తిను జాతి యొకటి లేకపోలేదు గాని, దానిమూలమున నందఱకును చెడ్డపేరు వచ్చినది. ఇంటిలో గిన్నె పగిలినప్పుడు దగ్గఱనున్న పిల్లవానిని కొట్టు తల్లులకు ఈ మాట ప్రత్యేకముగ వ్రాయుచున్నాము.

పగడములు సాధువులనుకొనుటయు పొరపాటే. పక్కపక్కన పెట్టినచో తమలో తాము కలహించును. గెలాక్సియా యను జాతి పగలు అణకువగా నుండి, రాత్రియైన తోడనే పొడవైన మీసములను చాచి పొరుగుపగడమును కుట్టును. తోలుపగడములు నీటిలోనికి విషమునే వదలును. అందుచేత వడపోతలో బొగ్గును పెట్టుట యాచారము. కనుక చేప తప్పు లేకయే యొకవైపు పగడము చచ్చుచున్నచో, పొరుగుపగడమును జానెడు దూరము జరిపి చూడవలెను.

సముద్రములో నీ కలహమంతయు పెద్దకొలతలో జరుగుచున్నది. ముండ్లకిరీటపు నక్షత్రచేప యనునది తన కడుపును నోటిగుండ వెలికి తీసి పగడముమీద పరచి, అచ్చటనే జీర్ణము చేసికొనును. ఒక్కటి సంవత్సరమునకు 10 చదరపు మీటర్లవరకు పగడమును తినగలదు. ఆస్ట్రేలియాలోని మహాపగడపుదిబ్బలో 1985 నుండి 2012 వరకు పగడము సగమునకు తగ్గినదని, ఆ నష్టములో 42 పాళ్లు ఈ నక్షత్రచేపవలన కలిగినదని అచ్చటి శాస్త్రజ్ఞులు లెక్కకట్టిరి. దీనికి విరుగుడును ప్రకృతి పెట్టియున్నది. పగడపుకొమ్మల సందున కాపురముండు వ్రేలిగోరంత పీత యొకటి, ఈ రాకాసి యెక్కివచ్చినప్పుడు దాని కాళ్లను గిచ్చి తఱిమివేయును. అద్దెకున్నవాడు ఇంటిని కాపాడినట్లు! తొట్టెను పెంచువారిలో కొందఱు, పీత యనగానే దుష్టమని దానినే తీసి పాఱవేయుదురు.

మానుకోట సోదరి కుమార్తెకు మా సలహా యిది. ఆ చేపను వలతో తఱుమవద్దు. తఱిమినచో రాళ్లన్నియు కదలును, పగడములు విఱుగును. గాజుపాత్రతో చేసిన బోను నొకదానిని తొట్టెలో నుంచి, రెండుమూడు దినములు అందే మేతవేయుచు, చేప అలవాటుపడినపిమ్మట మూతవేయవలెను. అంగడివాడు తిరిగి తీసికొన్నచో సరి, లేకున్నచో చేపలుమాత్రమే యుండు వేఱొక తొట్టెగలవారికి ఇయ్యవలెను. సముద్రములో మాత్రము విడువరాదు. మన హిందూమహాసముద్రపు ప్రాంతములకు చెందిన సింహచేప 1985లో ఫ్లోరిడాతీరమున కనబడినది. ఎవరో పెంచుకొని విడిచినవే దానికి మూలమని శాస్త్రజ్ఞుల యభిప్రాయము. నేడది అమెరికా తూర్పుతీరమును కరిబియను సముద్రమును ఆక్రమించి, అచ్చటి పగడపుదిబ్బల చిన్నచేపలను మ్రింగుచున్నది.

మఱియొక మాట. చేపలకు తెల్లమచ్చల జబ్బు వచ్చినప్పుడు రాగిమందు వేయుదురు. చేపకది మందు, పగడమునకు, రొయ్యకు, నత్తకు అది విషము. మా జనగామ ప్రక్కనే పెంబర్తి యున్నది; అచ్చటి విశ్వకర్మల యిత్తడిపని దేశమంతట ప్రసిద్ధము. మా యిండ్లలో రాగిబిందెలు, ఇత్తడిచెంబులు లేనివారుండరు. పూజకును త్రాగుటకును అవి శ్రేష్ఠమే గాని, ఉప్పునీటి తొట్టెలోనికి వానితో నీరు పోయరాదు. ప్లాస్టిక్ బకెట్టే మేలు.

ఇక మూడవ ప్రశ్న. మన యిండ్లలో నట్టి తోటను పెంచవచ్చునా? కూడదు. మన దేశమున రాతిపగడములు, నల్లపగడములు, అగ్నిపగడములు, సముద్రపువీవనలు వన్యప్రాణి రక్షణచట్టము క్రింద 2001లో మొదటి పట్టికలో చేర్చబడినవి. పులికెట్టి రక్షణయో వీనికి నట్టిదే. సముద్రమునుండి తీయుటయు, అమ్ముటయు, కొనుటయు నేరము. ఏ యంగడివాడైనను "ఇది బ్రదికియున్న పగడము, తక్కువ వెలకే యిచ్చెద" నన్నచో నమ్మి తీసికొనవలదు. చట్టము లేకున్నను మన ప్రాంతమునకది తగినది కాదు. పగడపునీరు 25, 26 డిగ్రీల దగ్గఱ నిలువవలెను. మాకు వేసవిలో 40 డిగ్రీలు దాటుట వింత కాదు. నీటిని చల్లబఱచు యంత్రము రేయింబవళ్లు నడువవలెను. కరెంటు కొన్నిగంటలు పోయిన తోట పోయినట్లే.

తెలుగుతీరమున గొప్ప పగడపుదిబ్బలు లేకపోవుటకు కారణము గూడ మన భూపాలపల్లి సోదరీమణులకు దగ్గఱలోనే యున్నది. కాళేశ్వరమున ప్రాణహితను కలుపుకొని గోదావరి యెఱ్ఱగా పాఱుట వారు ప్రతి వానకాలమున చూచుచునే యున్నారు. ఆ యొండ్రుమట్టి, ఆ మంచినీరు పోయి సముద్రమున పడును. పగడమునకు కావలసినది ఉప్పగా, తేటగా, వెచ్చగా నుండు నీరు. మనకు వరిపొలములను ఇచ్చిన యొండ్రే పగడమునకు ఊపిరాడనీయదు. అందుచేత మన దేశమున పగడములు మన్నారు, కచ్ఛి సింధుశాఖలలోను, లక్షద్వీపములందును, అండమాను నికోబారులందును మాత్రమే విరివిగా నున్నవి. పాఖాలప్రాంతపు పురాతన శిలలు మాత్రము నూరుకోట్ల యేండ్లకు పూర్వము సముద్రగర్భమున పేరుకొన్నవని భూగర్భశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఆ సముద్రమున్నప్పుడు లోకమున పగడమింకను పుట్టలేదు!

మన్నారు సింధుశాఖలోని పగడములకును ఒక దుష్టపుపొరుగు దాపురించినది. కప్పాఫైకస్ అను విదేశపు సముద్రపునాచును మన దేశమునకు తెచ్చిరి. దానినుండి తీయు జిగురుపదార్థము తినుబండములలో వాడుకయగును. దాని సాగుతో రామనాథపురము జిల్లా తీరమున ననేక స్త్రీలకు కూలి దొరకినది. 2008లో కురుసడి ద్వీపముదగ్గఱ అది సాగుతెప్పలనుండి తప్పించుకొని పగడములమీద దుప్పటివలె పరచుకొన్నట్లు శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. ఆ స్త్రీల కూలియా, ఆ పగడములా యను తగవు సులువుగా తీరునది కాదు. రెండువైపుల న్యాయమున్నది.

ఇప్పుడు మా యింటి సంగతి. రెండేండ్లక్రితము మా చిన్నదాని పుట్టినరోజునకు రెండడుగుల గాజుతొట్టెను, నాలుగు బంగారుచేపలను కొంటిమి. నెలలోపల గాజుకు పచ్చని నాచు పట్టినది. అంగడికి పోయి చెప్పగా, వ్రేలెడు నల్లచేప నొకదానిని సంచిలో పోసియిచ్చి, "ఇది గాజును నాకి శుభ్రము చేయును, వేఱే కడుగ నక్కఱలేదు" అనిరి. దాని నోరు క్రిందివైపున నుండును. గాజునకు నోటిని అంటించి వ్రేలాడును. పిల్లలు దానికి పాకీచేప యని పేరుపెట్టబోగా మేము కోపపడి మాన్పించితిమి. పిదప "నాచన్న" అని పిలిచిరి.

నాచన్న మొదట చెప్పినట్లే పనిచేసినది. ఎనిమిదినెలలకు జానెడు పెరిగినది. నాచు చాలలేదు కాబోలు, ఒకనాటి యుదయమున పెద్ద బంగారుచేప ప్రక్కన పొలుసులూడి ఎఱ్ఱనిమచ్చ కనబడినది. దెబ్బ తగిలినదేమో యనుకొంటిమి. మరునాడు మఱియొక దానికి. రాత్రి రెండుగంటలకు లేచి దీపము వేసి చూడగా, నాచన్న ఆ మెల్లనిచేప ప్రక్కను గాజువలెనే పట్టుకొని నాకుచున్నది! బంగారుచేప దేహమున నుండు జిగురు దానికి రుచించినది. వారములో రెండుచేపలు చనిపోయినవి. చిన్నది రెండుదినములు అన్నము తినలేదు. కొనునప్పుడే "ఇది యెంత పెరుగును, రాత్రి యేమి తినును" అని యడుగని మా బుద్ధికి మేము సిగ్గుపడితిమి.

ఈ చేప దక్షిణ అమెరికాది. ఒంటినిండ ఎముకరేకులు కవచమువలె నుండును. మూరెడుదాక పెరుగును. నీరులేకున్నను గంటలతరబడి బ్రదుకును. ఆంధ్ర తెలంగాణముల జాలరులు దీనిని దయ్యపుచేప యని పిలుచుచున్నారు.

ప్రక్కయింటి వదినెగారు వచ్చి మా బాధ చూచి, "చెరువుల ఇడిస్తె అయిపాయె గద వదినె, పుణ్యమన్న వస్తది" అనిరి. మంచిమనసుతో చెప్పినమాటే. మేమును చెంబు చేతబట్టుకొని గడపదాటితిమి. కాని ఆ మాట సగమువఱకే నిజమని తెలిసినది గనుక ఇంత వ్రాయుచున్నాము.

మన యీ మూడుజిల్లాలు 2016లో విడివడినవే గాని, పాత ఓరుగల్లు సీమలోనివి, చెరువులమీద బ్రదుకునవి. మహబూబాబాదు జిల్లాలోని బయ్యారము చెరువును త్రవ్వించినది గణపతిదేవుని సోదరి మైలాంబ. 13వ శతాబ్దమున ఆమె వేయించిన శాసనము కాకతీయుల వంశచరిత్రకు ముఖ్యాధారమైనది. భూపాలపల్లి జిల్లాలో కోటగుళ్లున్న గణపురమునను కాకతీయులనాటి చెరువు కలదు. ఈ చెరువులకు ప్రాణము మట్టికట్ట. నాచన్న జాతి చేపలు గ్రుడ్లుపెట్టుటకై నీటియంచున గట్టులో మూరలకొలది బొఱియలు త్రవ్వును. గ్రుడ్లను, నాచును, అడుగుమేతను ఊడ్చి తినును. వలలో పడినచో ముండ్లతో నూలును తెంపును. మెక్సికోలోని ఇన్ఫియెర్నీయో జలాశయములో ఇవి ప్రవేశించినపిమ్మట జాలరులకు పనికివచ్చు చేపలు తగ్గి, వలనిండ నివే పడుటతో వేలమంది జీవనము చెడినది.

మన దగ్గఱ నిది వినవచ్చు కథ మాత్రమే కాదు. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు నీటిలో కలిసియుండు జన్యుపదార్థమును పరీక్షించి, చేపను చూడకయే దాని యునికిని కనుగొను పద్ధతితో తూర్పుకనుమల నీళ్లను శోధించిరి. ఈ చేప విరివిగా వ్యాపించినదని తేలినది. ఇవి నీళ్లలోనికి తమంతట నడచి రాలేదు. పెంచినవారు విసిగి విడువగా కొన్ని, పెంపకపుచెరువులనుండి వఱదలో కొట్టుకొనివచ్చి కొన్ని చేరినవి. కొఱ్ఱమట్టను తెలంగాణ రాష్ట్రపు చేపగా ప్రకటించుకొన్నాము. మన జాలరి కుటుంబముల స్త్రీలు అంగడిలో కూర్చుండి దానిని అమ్ముదురు. పుణ్యమునకని ఒక్కచేపను విడిచినచో నష్టమెవరి గంపమీద పడునో ఆలోచింపగా మా కాళ్లు గడపదగ్గఱనే నిలిచిపోయినవి.

చంపుదమా యన చిన్నది ఏడ్చినది. అంగడివారు తిరిగి తీసికొనమనిరి. తుదకు పెరటిలో పాతసిమెంటు గోలెమును కడిగి, నీరు రాత్రియంత నిలువయుంచి, నాచన్నను అందు చేర్చితిమి. పైన వల కప్పితిమి; వానకు గోలెము పొర్లి మోరీలోనికి పోకుండ అంచునకు జానెడు తక్కువగనే నీరుంచుచున్నాము. సొరకాయచెక్కు, దోసకాయముక్క, ఉడికిన పాలకూరకాడ దానికి మేత. తాళ్లతో చిన్న బండను కట్టి దోసముక్కను అడుగునకు దింపుట చిన్నదాని పని.

మిగిలిన రెండు బంగారుచేపలు కోలుకొన్నవి. గాజును పాతబట్టతో మేమే తుడుచుచున్నాము. వారమునకు పావుగంట పని. నాచన్న వంటి చేపలు పదియేండ్లకు మించి బ్రదుకునని చదివితిమి. చిన్నది పెండ్లియై అత్తవారింటికి పోవునాటికి గోలెము ఎవరికి అప్పగింపవలెనో యని మా వారిప్పటినుండియే మమ్ము వేళాకోళము చేయుచున్నారు. మానుకోట సోదరి కుమార్తె మొన్న బోను పెట్టినదట. పసుపుచేప మూడవనాడు చిక్కినది. కొఱకగా మిగిలిన పగడముల రెండింటి మొదళ్లలో ఇంకను కొంత రంగున్నదని తల్లికి ఫోనులో చూపినదట.